అలాస్కా వెళ్లాలంటే ఓడా, రోడ్డా? ప్లాన్ చేసుకునే పద్ధతి

అలాస్కా మాట ఎత్తగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "క్రూజ్‌కి ఎంతవుతుంది?" దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడికి ఏం చూడాలని వెళ్తున్నారు?

సముద్రంలోకి విరిగిపడే మంచు గోడలు, తిమింగలాలు, ఎప్పుడూ తడిగా ఉండే అడవులు చూడాలంటే ఆగ్నేయ తీరానికి వెళ్లాలి. అక్కడి ఊళ్లలో చాలావాటికి బయటి నుంచి రోడ్డు లేదు. రాష్ట్ర రాజధాని జూనోకి కూడా ఓడలోనో విమానంలోనో వెళ్లాల్సిందే. ఎత్తైన కొండలు, చెట్లు లేని టండ్రా మైదానాలు, రోడ్డు పక్కన మేసే పెద్ద దుప్పి జాతి మూస్‌లు, గంటల తరబడి మనిషి కనిపించని దారులు కావాలంటే అవి లోతట్టు ప్రాంతంలో ఉన్నాయి. అక్కడికి ఓడ రాదు. అంటే ఓడ, రోడ్డు ఒకే చోటికి తీసుకెళ్లే రెండు దారులు కావు. రెండూ చూపించేవి వేరు వేరు అలాస్కాలు.

1867లో రష్యా నుంచి అమెరికా 72 లక్షల డాలర్లకు కొన్న ఈ నేల వైశాల్యం దాదాపు 17 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశంలో సగానికి పైనే. వారం రోజుల్లో "అలాస్కా మొత్తం" చూసేద్దామనుకుంటే రోజులన్నీ ప్రయాణానికే సరిపోతాయి. ఏదో ఒక మూల ఎంచుకుని దాన్నే బాగా చూడటం మంచిది.

మొదటి మెట్టు: పాస్‌పోర్టులు, వీసాలు బల్ల మీద పెట్టండి

టికెట్ల కన్నా ముందు ఈ పని ఎందుకంటే, మీది ఏ తరహా ట్రిప్ అనేది చాలాసార్లు వీసాయే తేల్చేస్తుంది.

పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశాల్లో రిజిస్టరైనవి. అమెరికాలో 1886 నాటి ఒక చట్టం ప్రకారం అలాంటి ఓడలు మధ్యలో విదేశీ రేవును తాకకుండా అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పకూడదు. అందుకే సీటెల్‌లో బయల్దేరి సీటెల్‌కే తిరిగొచ్చే ఓడలు ఏదో ఒక సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. అలాస్కా వరకు ఒకవైపే వెళ్లే ఓడలు సీటెల్‌లో కాకుండా కెనడాలోని వాంకూవర్‌లో బయల్దేరతాయి. మీరు ఏది ఎక్కినా కెనడా తగులుతుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా విజిటర్ వీసా కావాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి బి1/బి2 విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల విషయంలో ఇది చాలామందికి ఆఖరి నిమిషంలో గుర్తొస్తుంది. "విక్టోరియాలో దిగం, గదిలోనే కూర్చుంటాం" అంటే కుదరదు. కాగితాలు లేకపోతే ఓడ కంపెనీ మొదటి రేవులోనే ఎక్కించుకోదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు కానీ పాస్‌పోర్టు, కార్డు రెండూ చేతిలో ఉండాలి. హెచ్‌-1బి ఉద్యోగ వీసా వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ముగిసినా, చెల్లుబాటయ్యే ఐ-94 (అమెరికా ప్రవేశ రికార్డు) ఉంటే 30 రోజుల లోపు కెనడా వెళ్లి తిరిగి రావచ్చనే వెసులుబాటు ఒకటుంది. దానికి షరతులున్నాయి కాబట్టి ఆఫీసు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే డబ్బు కట్టండి. ఎఫ్‌-1 విద్యార్థులు ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం) మీద ప్రయాణ సంతకం ఉందో లేదో చూసుకోవాలి.

కెనడా వీసా రాకపోయినా, దానికి టైం లేకపోయినా అలాస్కా ఆశ వదులుకోనక్కర్లేదు. సీటెల్ నుంచి అలాస్కాలోని పెద్ద నగరం యాంకరేజ్‌కి విమానంలో మూడున్నర గంటలు. అక్కడ కారు అద్దెకు తీసుకుంటే కెనడా ఊసే ఉండదు. అమ్మానాన్నలు ఉండే వారాలు లెక్కగా ఉన్న కుటుంబాలకు నేను చెప్పేది తరచుగా ఈ దారే.

రెండో మెట్టు: నెల

క్రూజ్‌లు ఏప్రిల్ చివర్లో మొదలై అక్టోబర్ దాకా నడుస్తాయి. అసలు సీజన్ మాత్రం మే నుంచి సెప్టెంబర్ మధ్య వరకే.

మే నెలలో ధర తక్కువ, రద్దీ తక్కువ. ఆగ్నేయ తీరంలో వానలు కూడా తక్కువే. కొండల మీద మంచు ఇంకా ఉంటుంది కాబట్టి ఫోటోలు బాగా వస్తాయి. లోతట్టులోని డెనాలి నేషనల్ పార్క్ వైపు మాత్రం అన్నీ తెరుచుకుని ఉండవు. అక్కడ బస్సుల సీజన్ మే రెండో సగంలో మొదలవుతుంది.

జూన్‌లో పగలు ముగియదు. జూన్ 21న యాంకరేజ్‌లో సూర్యుడు రాత్రి 11:40 దాటాక అస్తమిస్తాడు, మళ్లీ 4:20కల్లా వచ్చేస్తాడు. పిల్లలు నిద్రపోరు, పెద్దలకు నిద్ర పట్టదు. కళ్లకు కట్టుకునే గుడ్డ పట్టుకెళ్లండి. జులైలో సాల్మన్ చేపలు నదుల్లోకి ఎదురెక్కుతాయి, వాటి వెంట ఎలుగుబంట్లు వస్తాయి. అయితే జనం, ధరలు, దోమలు కూడా అప్పుడే ఎక్కువ. దోమలు మనకు కొత్తా అని తేలిగ్గా తీసుకోకండి. టండ్రాలో అవి గుంపులుగా ముసురుతాయి, తలకు వేసుకునే వల అక్కడి కొట్లలో ఊరికే అమ్మరు.

ఆగస్టు చివరి నుంచి సెప్టెంబర్ మొదటి పది రోజుల దాకా నాకు అన్నిటికన్నా ఇష్టమైన సమయం. డెనాలి చుట్టూ టండ్రా ఎర్రగా, పసుపుగా మారుతుంది. దోమలు తగ్గుతాయి. రాత్రి చీకటి పడుతుంది కాబట్టి ఫెయిర్‌బ్యాంక్స్ వైపు అరోరా (నార్తర్న్ లైట్స్, రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు) కనిపించే అవకాశం మొదలవుతుంది. జూన్‌లో వెళ్లి "నార్తర్న్ లైట్స్ కనపడలేదు" అని బాధపడేవాళ్లున్నారు. ఆకాశం చీకటి కాకపోతే అవి ఎలా కనపడతాయి? ఈ సమయానికి ఉన్న చిక్కల్లా తీరంలో వాన పెరగడమే.

బడి సెలవుల వల్ల జూన్, జులై తప్ప కుదరదంటే జూన్ మొదటి సగం వైపు మొగ్గండి.

ఓడ ఎంచుకునేవాళ్లకు

ముందు దారి చూడండి, తర్వాతే కంపెనీ. ఈత కొలనులు, షోలు ఎక్కడైనా ఉంటాయి.

సీటెల్ రౌండ్ ట్రిప్: ఏడు రాత్రులు, విమానం టికెట్ తేలిక, ఖర్చు తక్కువ. కాకపోతే ఈ ఓడలు ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి బయటి వైపు నుంచి, అంటే తెరిచిన సముద్రం మీదుగా వెళ్తాయి. ఊపు ఉంటుంది, చూడటానికి నీళ్లు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. వాంకూవర్‌లో బయల్దేరే ఓడలు ద్వీపానికి, ప్రధాన భూభాగానికి మధ్య ఇరుకు నీటి దారిలో వెళ్తాయి. రెండు పక్కలా అడవి కొండలు, నీళ్లు దాదాపు నిశ్చలం. అమ్మానాన్నలకు కడుపులో తిప్పుతుందని భయముంటే, కెనడా వీసా కూడా ఉంటే, వాంకూవరే మేలు.

వాంకూవర్ నుంచి ఒకవైపే వెళ్లే ఓడలు యాంకరేజ్‌కి దక్షిణాన ఉన్న రేవులైన విట్టియర్‌లో గానీ సీవార్డ్‌లో గానీ దింపుతాయి. ఆ ట్రిప్‌లో ఒకటి రెండు రోజులు గల్ఫ్ ఆఫ్ అలాస్కా దాటాలి, అక్కడ అలలు ఉండొచ్చు. కానీ దిగాక లోతట్టు అలాస్కా మీ ముందుంటుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇక గ్లేసియర్ (హిమానీనదం) రోజు. కరపత్రంలో "గ్లేసియర్ వ్యూయింగ్" అని రాసి ఉంటే సరిపోదు, ఏ గ్లేసియరో చూడండి. గ్లేసియర్ బే నేషనల్ పార్క్‌లోకి రోజుకు రెండే పెద్ద క్రూజ్ ఓడలను రానిస్తారు. హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ కంపెనీల ఓడలకు ఈ అనుమతులు ఎక్కువ. పార్క్ రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కి, రోజంతా మైకులో వివరిస్తారు. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ బృందం వచ్చినప్పుడు ఇక్కడ అఖాతం అంటూ పెద్దగా లేదు, మంచు గోడ అడ్డంగా ఉంది. ఇప్పుడు ఓడ అదే చోటు దాటుకుని 60 మైళ్లకు పైగా లోపలికి వెళ్లి మార్జరీ గ్లేసియర్ ముందు ఆగుతుంది. ఇక్కడి ఆదివాసులైన హూనా ట్లింగిట్ ప్రజల పూర్వీకుల ఊళ్లను ఆ మంచే ముంచింది. ఇదంతా వింటూ చూస్తే ఆ నీళ్లు వేరేలా కనిపిస్తాయి.

హబ్బర్డ్ గ్లేసియర్ ముఖం దాదాపు ఆరు మైళ్ల వెడల్పు. చాలా గ్లేసియర్లు వెనక్కి పోతుంటే ఇది ముందుకు వస్తోంది. మూడో రకం ఎండికాట్ ఆర్మ్, ట్రేసీ ఆర్మ్ లాంటి, సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకు లోయలు. ట్రేసీ ఆర్మ్‌లో 2025 ఆగస్టులో పెద్ద కొండచరియ విరిగిపడి సునామీ వచ్చింది, కాబట్టి మీ ఓడ దారి మారిందేమో బుక్ చేసే ముందు కనుక్కోండి. నా వరుస అడిగితే గ్లేసియర్ బే, తర్వాత హబ్బర్డ్, తర్వాత లోయలు.

గది విషయంలో పెద్ద చర్చలే జరుగుతాయి. కిటికీ లేని లోపలి గదికి, బాల్కనీ గదికి తేడా కొన్నిసార్లు రెట్టింపు. కరీబియన్‌లో బాల్కనీ అక్కర్లేదంటాను. ఇక్కడ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే తీసుకోండి, శాలువా కప్పుకుని కూర్చున్న చోటే కొండలు చూడొచ్చు. కుర్రవాళ్లయితే లోపలి గది తీసుకుని, మిగిలిన డబ్బు తిమింగలాల పడవకో హెలికాప్టర్‌కో పెట్టండి. గ్లేసియర్ రోజున అందరూ ఎటూ పైడెక్ మీదే ఉంటారు. ఊపుకి భయపడేవాళ్లు ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది అడగండి. చూపించిన ధరకు రేవు పన్నులు, ఒక్కొక్కరికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల టిప్పు, వైఫై కలిపి చూసుకోండి.

రేవుల్లో ఏం చేయాలి

కెచికాన్‌లో ఏడాదికి దాదాపు 3,800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, హైదరాబాద్‌కి నాలుగింతలు పైనే. అక్కడ ఎండ కాస్తే అదృష్టం, గొడుగు కన్నా రెయిన్ కోటు నయం. స్థానిక తెగలు చెక్కిన టోటెమ్ స్తంభాలు చూసి, వాగు మీద కట్టిన క్రీక్ స్ట్రీట్‌లో నడిస్తే పూట గడిచిపోతుంది. కొన్ని ఓడలు ఊళ్లో కాకుండా ఏడు మైళ్ల అవతల వార్డ్ కోవ్‌లో ఆగుతాయి, బస్సు టైం కలుపుకోండి.

జూనోలో డబ్బు పెట్టదగ్గది తిమింగలాల పడవ. శీతాకాలంలో హవాయి వైపు ఉండే హంప్‌బ్యాక్ తిమింగలాలు తిండికోసం వేసవంతా ఇక్కడే ఉంటాయి. చిన్న పడవైతే నీటి మట్టానికి దగ్గరగా ఉంటుంది. మెండెన్‌హాల్ గ్లేసియర్‌కి టూర్ అక్కర్లేదు, రేవు దగ్గర షటిల్ ఎక్కి వెళ్లి నగెట్ ఫాల్స్ దాకా నడవండి. రానూపోనూ రెండు మైళ్లు, దారి చదునే.

స్కాగ్వేలో 1898లో మొదలుపెట్టి 1900కల్లా పూర్తి చేసిన నారో గేజ్ రైలు ఉంది. బంగారం పిచ్చితో వేలమంది మూటాముల్లెలతో ఎక్కిన కనుమ మీదుగా అది 20 మైళ్లలో 2,865 అడుగుల ఎత్తుకు పోతుంది. వైట్ పాస్ శిఖరం దాకా వెళ్లి తిరిగొచ్చే రైలు వేరు, కెనడాలో దింపే టూర్లు వేరు. రెండో రకానికి పాస్‌పోర్టు, వీసా కావాలి.

గ్లేసియర్ మీద దిగే హెలికాప్టర్, కుక్కల బండి సవారీ మనిషికి కొన్ని వందల డాలర్లు. మబ్బు పడితే రద్దు చేస్తారు, డబ్బు తిరిగిస్తారు. అందుకే దీన్ని మొదటి రేవుల్లోనే పెట్టుకోండి, అక్కడ రద్దయితే తర్వాతి రేవులో ఇంకో ప్రయత్నం చేయొచ్చు. ఓడ కంపెనీ అమ్మే టూర్లు ఖరీదే కానీ, అవి ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. బయట బుక్ చేసుకుంటే ఆగదు. నా లెక్కలో, రేవుకి దూరంగా తీసుకెళ్లేవి ఓడ దగ్గర, ఊళ్లోవి బయట కొనుక్కోవడం మంచిది. అలాస్కా టైం సీటెల్ కన్నా గంట వెనక. మీ ఫోన్ ఒక టైం, ఓడ గడియారం ఇంకో టైం చూపిస్తే ఓడదే లెక్క.

రోడ్డు ఎంచుకునేవాళ్లకు

యాంకరేజ్‌లో దిగి, కారు తీసుకుని, కనీసం ఎనిమిది తొమ్మిది రోజులు ఉంచుకోండి. అంతకన్నా తక్కువైతే దక్షిణం గానీ ఉత్తరం గానీ ఒకటే పెట్టుకోండి.

దక్షిణానికి సీవార్డ్ హైవే, 127 మైళ్లు. మ్యాప్ రెండున్నర గంటలంటుంది, మీరు ఐదు గంటలు పెట్టుకోండి. మొదటి యాభై మైళ్లు ఒకవైపు టర్నగైన్ ఆర్మ్ సముద్రపు పాయ, ఇంకోవైపు నిలువు కొండ. కొండ అంచున తెల్లటి డాల్ గొర్రెలు, నీళ్లలో కొన్నిసార్లు తెల్ల బెలూగా తిమింగలాలు కనిపిస్తాయి. పాయలో పోటు తగ్గినప్పుడు బయటపడే బురద మీదికి మాత్రం దిగొద్దు, కాళ్లు దిగబడిపోతాయి, నీళ్లు వేగంగా తిరిగొస్తాయి.

సీవార్డ్‌లో రెండు రాత్రులు ఉండండి. కెనై ఫియోర్డ్స్‌కి వెళ్లే ఆరు గంటల పడవ యాత్రలో గ్లేసియర్లు, పఫిన్ పక్షులు, సీ ఆటర్లు (సముద్రపు నీటికుక్కలు), అదృష్టం బాగుంటే ఓర్కాలు (కిల్లర్ వేల్స్) ఒక్క రోజులో కనిపిస్తాయి. క్రూజ్ ఎక్కలేదే అన్న లోటు ఈ ఒక్క రోజుతో చాలావరకు తీరుతుంది. ముందు రాత్రే వాంతుల మాత్ర తీసుకుని పడుకోండి, అఖాతం దాటాక సముద్రం మారిపోతుంది. మర్నాడు ఎగ్జిట్ గ్లేసియర్. దారి పొడవునా ఏ ఏడాది మంచు ఎక్కడిదాకా ఉండేదో బోర్డులు పెట్టారు. పిల్లలు ఒక్కో సంవత్సరం చదువుకుంటూ నడుస్తారు.

దారిలో విట్టియర్ వెళ్లాలంటే కొండ కింద రెండున్నర మైళ్ల సొరంగం ఉంది. ఒకటే వరుస, అదే దారి రైలుకీ కారుకీ. లోపలికి వెళ్లేవాళ్లను ప్రతి గంటకు అర్ధగంట మీద, విట్టియర్ నుంచి బయటికొచ్చేవాళ్లను గంట మీద వదులుతారు. ఒక్క నిమిషం తప్పితే గంట కూర్చోవాలి. పడవ టికెట్ ఉంటే దానికి తగ్గట్టు బయల్దేరండి.

ఉత్తరానికి పార్క్స్ హైవే. యాంకరేజ్ నుంచి డెనాలి పార్క్ గేటు సుమారు 237 మైళ్లు, అక్కడి నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ ఇంకో 120. మధ్యలో కాస్త పక్కకు టాకీట్నా అనే చిన్న ఊరు. చిన్న విమానంలో డెనాలి కొండ చుట్టూ తిప్పి, గ్లేసియర్ మీద దింపేది ఇక్కడే. మొత్తం ట్రిప్‌లో ఒకే ఒక్క ఖరీదైన పని చేయాలంటే నేను ఇదే చేస్తాను, ఆకాశం తేటగా ఉంటేనే.

ఆ కొండ ఎత్తు 20,310 అడుగులు, ఉత్తర అమెరికాలో అదే అన్నిటికన్నా ఎత్తు. 2025 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం దాని పేరు మళ్లీ మెకిన్లీగా మార్చింది, పార్క్ పేరు డెనాలిగానే ఉంది. బోర్డుల మీద రెండూ కనిపిస్తే తికమక పడకండి. వేసవిలో వచ్చినవాళ్లలో సుమారు మూడో వంతు మందికే కొండ కనిపిస్తుంది. అందుకే పార్క్ దగ్గర రెండు రాత్రులు, వీలైతే టాకీట్నాలో ఒక రాత్రి పెట్టుకోవాలి. ఒకటే రాత్రి పెట్టుకుని మబ్బును తిట్టుకుంటూ వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ.

డెనాలి పార్క్‌లో ఉన్న రోడ్డు ఒకటే, 92 మైళ్లు. వేసవిలో సొంత కార్లను 15వ మైలు వరకే రానిస్తారు, ఆ తర్వాత పార్క్ బస్సులే. 2021 ఆగస్టులో ప్రెట్టీ రాక్స్ దగ్గర కొండచరియ జారడం వల్ల బస్సులు 43వ మైలు దగ్గర వెనక్కి తిరగడం మొదలైంది. అక్కడ వంతెన కడుతున్నారు, మీరు వెళ్లే ఏడాదికి ఎంతవరకు తెరిచారో పార్క్ సైట్‌లో చూసుకోండి. బస్సుల్లో రెండు రకాలు. వివరిస్తూ తీసుకెళ్లే టూర్ బస్సు, నచ్చిన చోట దిగి ఇంకో బస్సు ఎక్కే ట్రాన్సిట్ బస్సు. ట్రాన్సిట్ చవక, నాకు నచ్చేది కూడా అదే. డ్రైవర్లు ఎటూ జంతువు కనిపిస్తే ఆపుతారు. పొద్దున్నే వెళ్లే బస్సు పట్టుకోండి. లోపల తిండి దొరకదు, పులిహోర డబ్బా, నీళ్లు వెంట ఉండాలి.

నడపడంలో కొన్ని మాటలు. సీవార్డ్ హైవే మీద పగలు కూడా హెడ్‌లైట్లు వేసే నడపాలి. మీ వెనక ఐదు బండ్లు చేరితే పక్కకు తప్పుకుని దారివ్వాలి, అది చట్టం. పెట్రోలు సగం ట్యాంక్ కాగానే నింపుకోండి. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాప్ ముందే ఫోన్‌లో దింపుకోండి. డెనాలి హైవే, డాల్టన్ హైవే, మెకార్తీ రోడ్డు లాంటి కంకర దారుల మీదికి చాలా అద్దె కంపెనీలు తమ కార్లను రానివ్వవు. కాగితం చదవకుండా వెళ్తే టైరు పగిలిన ఖర్చంతా మీ నెత్తినే. ఆర్కిటిక్ సర్కిల్ బోర్డు దగ్గర ఫోటో కావాలంటే ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి వ్యాన్ టూర్లు ఉన్నాయి, వాటిలో వెళ్లండి.

కారు నడపడం ఇష్టం లేనివాళ్లకు అలాస్కా రైల్‌రోడ్ ఉంది. యాంకరేజ్ నుంచి సీవార్డ్‌కి నాలుగు గంటలు, ఫెయిర్‌బ్యాంక్స్‌కి పన్నెండు. సీవార్డ్ వైపు దారి మరీ అందం.

సీటెల్ నుంచే నడుపుకుంటూ వెళ్తామనే ఉత్సాహవంతులు కూడా ఉంటారు. దాదాపు 2,300 మైళ్లు. అందులో 1942లో సైన్యం యుద్ధం కోసం నెలల్లో వేసిన అలాస్కా హైవే ఉంది. డాసన్ క్రీక్ దగ్గర సున్నా మైలు, లియార్డ్ వేడినీటి బుగ్గలు, వాట్సన్ లేక్‌లో వేల ఊరిపేర్ల బోర్డులు. అది మూడు వారాల ప్రయాణం, కెనడా వీసా తప్పనిసరి. రెండు వారాల సెలవుతో మొదలుపెట్టకండి.

రెండూ కావాలంటే

వాంకూవర్ నుంచి ఉత్తరానికి ఏడు రాత్రుల ఓడ, సీవార్డ్‌లోనో విట్టియర్‌లోనో దిగాక ఐదారు రోజులు సొంతంగా కారులో డెనాలి, యాంకరేజ్ నుంచి విమానం. పన్నెండు పదమూడు రోజులు దొరికితే ఇంతకన్నా మంచి ప్లాన్ లేదు. ఓడ కంపెనీలు రైలు, బస్సు, లాడ్జి కలిపి ఇదే ప్యాకేజీగా అమ్ముతాయి. పెద్దవాళ్లకు సామాను మోసే బాధ తప్పుతుంది కానీ, వాళ్ల టైం ప్రకారం కదలాలి, ఖర్చు ఎక్కువ.

తక్కువ డబ్బుతో ఓడ అనుభవం కావాలనే కుర్రకారుకి 1963 నుంచి రాష్ట్ర ప్రభుత్వమే నడుపుతున్న అలాస్కా మెరైన్ హైవే ఫెర్రీ ఉంది. వాషింగ్టన్‌లోని బెల్లింగ్‌హామ్‌లో ఎక్కితే ఒకటిన్నర రోజుకు కెచికాన్. అమెరికా ఓడ కాబట్టి మధ్యలో కెనడాలో ఆగాల్సిన పని లేదు. క్యాబిన్ తీసుకోనివాళ్లు డెక్ మీదే టేప్‌తో టెంట్ అంటించుకుని పడుకుంటారు.

బుకింగ్ ఏ వరుసలో

జులై కోసం ముందు ఏడాది శరదృతువులోనే మొదలుపెట్టండి. రోడ్డు ట్రిప్‌కి మొదట డెనాలి దగ్గర బస, ఎందుకంటే ఆ ఊళ్లో ఉన్నవే కొన్ని హోటళ్లు. తర్వాత అద్దె కారు, తర్వాత సీవార్డ్ బస, ఆ తర్వాత విమానం. పడవలు, డెనాలి బస్సు వసంతంలో చేసుకోవచ్చు. టాకీట్నా విమానం మాత్రం వాతావరణం చూసి రెండు రోజుల ముందు చేసుకున్నా తరచుగా దొరుకుతుంది. ఓడ ట్రిప్‌కి మొదట ఓడ, తర్వాత తిమింగలాలు, హెలికాప్టర్, చివర్లో విమానం. ఓడ బయల్దేరే రోజున విమానం దిగేలా పెట్టుకోకండి, ముందు రోజే ఆ ఊరు చేరండి.

అమ్మానాన్నలకు తీసిన విజిటర్ ఇన్సూరెన్స్ ఓడలో, కెనడాలో పనిచేస్తుందో లేదో అడగండి. హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించే ఖర్చు కవర్ అవుతుందా అన్నది మరీ ముఖ్యం. మారుమూల అలాస్కాలో ఆ బిల్లు కుటుంబాన్ని అప్పుల్లో దింపగలదు.

తిండి

పెద్ద ఓడల్లో శాకాహారులకు టెన్షన్ అక్కర్లేదు. బుక్ చేసినప్పుడే శాకాహారమో జైనమో రాయించండి, మొదటి రాత్రి డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌తో మాట్లాడండి. చాలా ఓడల్లో ముందు రోజు చెబితే మర్నాడు పప్పు, కూర చేసి పెడతారు. రైస్ కుక్కర్, కెటిల్ మాత్రం తీసుకెళ్లొద్దు, వేడి చేసే పరికరాలను ఎక్కేటప్పుడే తీసిపెట్టేస్తారు. కారప్పొడి, పచ్చడి సీసా సూట్‌కేసులో ఉంటే ఆ వారం సాఫీగా గడుస్తుంది.

రోడ్డు మీద అలా కాదు. చిన్న ఊళ్లలో మెనూ అంతా సాల్మన్, హాలిబట్, బర్గర్. యాంకరేజ్‌లో పెద్ద సూపర్ మార్కెట్లున్నాయి, బియ్యం, పెరుగు, కూరగాయలు అక్కడే నింపుకుని వంటగది ఉన్న క్యాబిన్లు తీసుకోండి. ముందుకెళ్లే కొద్దీ ధరలు పెరుగుతాయి, రకాలు తగ్గుతాయి.

బట్టలు, జంతువులు

జులైలో కూడా గ్లేసియర్ ముందు గాలి చురుక్కుమంటుంది. మందపాటి కోటు ఒక్కటి కన్నా పొరలు పొరలుగా వేసుకోవడం పనికొస్తుంది. ఒంటికి ఆనుకునే ఊలు లేదా సింథటిక్ బనియన్, దాని మీద ఫ్లీస్, పైన నీళ్లు దిగని జాకెట్, నీళ్లు దిగని ప్యాంటు. జీన్స్ తడిస్తే ఆరవు. అమ్మలు చీర మీద స్వెటర్ చాలంటారు, పడవ డెక్ మీద చాలదు, లోపల థర్మల్ వేయించండి. బైనాక్యులర్స్ మనిషికొకటి తీసుకోండి. ఒక్కటే ఉంటే ఎలుగుబంటి వెళ్లిపోయాక మీ వంతు వస్తుంది.

డెనాలిలో ఎలుగుబంటికి 300 గజాలు, మూస్‌కి 25 గజాల దూరం పాటించాలి. అడవి దారిలో గట్టిగా మాట్లాడుతూ నడవండి, ఎలుగుబంటికి మీరొస్తున్నట్టు తెలియడమే సగం రక్షణ. ఎదురుపడితే పరుగెత్తొద్దు, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి నడవండి. మూస్ విషయంలో దీనికి తిరకాసు ఉంది. అది మీదికి వస్తే పరుగెత్తి చెట్టు చాటుకు పోవాలి. పిల్లతో ఉన్న తల్లి మూస్ దగ్గరికి సెల్ఫీ కోసం వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఎలుగుబంటిని చూసినప్పటికన్నా ఎక్కువ భయమేస్తుంది. టెంట్‌లో ఆవకాయ, బిస్కెట్లు, టూత్‌పేస్ట్ కూడా పెట్టుకోకూడదు. వాసన వచ్చేదేదైనా కారులోనో ఇనుప పెట్టెలోనో ఉండాలి.

ఎలుగుబంటి స్ప్రే విమానంలో చేతి సంచిలోనే కాదు, చెకిన్ సామానులో కూడా రానివ్వరు. యాంకరేజ్‌లో దిగాక కొనుక్కుని, తిరిగొచ్చేటప్పుడు హోటల్లో ఇచ్చేసి రండి, తర్వాత దిగేవాళ్లకు పనికొస్తుంది.